సూసిండు

బస్సు అర్సపల్లి దాటాక గానీ గంగమణికి కూర్చోవడానికి చోటు దొరకలేదు. దొరికింది కూడా కిటికీ పక్కన కాదు, ముగ్గురు కూర్చునే సీటులో ఈ చివర, ఒక కాలు నడిచే దారిలోకి చాపుకోవలసిన చోటు. అయినా సరే, భుజం కోస్తున్న సంచీ ఒళ్లోకి వచ్చింది, అది చాలు, అందులో ఉన్న ల్యాప్‌టాప్‌కి ఎవరి మోచేయీ తగలకుండా బోధన్ చేరితే చాలు, చేరుతుంది, ఇంకో గంట, ఆ తర్వాత శక్కర్‌నగర్ రోడ్డులో ఒక ఇంటి తలుపు కొడుతుంది, ఆ తలుపు తీసే మనిషి ఏడాదిగా తనతో పోట్లాడుతున్న మనిషి, ఆత్మారాం, ఇంతవరకు ముఖం చూడని మనిషి, గొంతు వినని మనిషి, మెయిల్ తెరిస్తే పొడిపొడి ఇంగ్లీషులోనో పాఠ్యపుస్తకం తెలుగులోనో ‘మీ మార్పులను స్వీకరించలేకపోతున్నందుకు చింతిస్తున్నాను’ అని కనిపించే మనిషి. అంత చింత ఎందుకు, స్వీకరిస్తే అయిపోతుంది కదా, అనుకునేది గంగమణి ప్రతిసారీ. ఇవాళ ఆ మాట ఎదురుగానే అనొచ్చు. భయం వేస్తోందేమోనని తనను తాను ఒకసారి వెతుక్కుంది. లేదు. ఆకలి వేస్తోంది, చెప్పు తెగేలా ఉంది, భయం మాత్రం లేదు.

గాలిలో పసుపు ఘాటు వచ్చి పోయింది, మార్కెట్ యార్డు వైపు పోతున్న లారీ, ఫిబ్రవరి వచ్చిందంటే నిజామాబాద్‌లో ఈ ఘాటు తప్పించుకోవడం ఎవరి తరమూ కాదు, తను కంప్యూటర్ పాఠాలు చెప్పే డిగ్రీ కాలేజీ ఆ యార్డు వెనకే, ఈ నెలల్లో ల్యాబ్‌లో కీబోర్డుల మీద కూడా సన్నగా పచ్చని పొడి పేరుకుంటుంది, మీటలు నొక్కిన వేళ్లతో మొహం తుడుచుకున్న పిల్లలు పెళ్లికూతుళ్లలా తయారవుతారు. అలా నుదుటి మీద పసుపుతోనే కూర్చుంది పోయిన ఏడాది ఒక రోజు తిరుపతమ్మ, డిగ్రీ ఆఖరి సంవత్సరం, వర్ని దగ్గర పల్లె నుంచి వచ్చే పిల్ల. కాలేజీ పత్రిక కోసం నాయనమ్మ మీద కథ రాసి, తనే టైపు చేసి, మేడంను పిలిచింది. తెర నిండా ఎర్ర గీతలు. తెలుగు రాతలో తప్పులు పట్టే ప్రోగ్రాం ఒకటి ఉచితంగా దొరుకుతుంటే గంగమణే తెచ్చి ల్యాబ్‌లో పెట్టింది, అది గీస్తున్న గీతలు, వచ్చిండు కింద ఒకటి, పోయిండ్రు కింద ఒకటి, ఎట్లనే కింద, గిప్పుడు కింద, ముసలమ్మ నోరు విప్పిన ప్రతిచోటా. ‘మేడం, గిన్ని తప్పులా నాయి?’ అంది తిరుపతమ్మ. ఏడవలేదు, సిగ్గుపడలేదు, లెక్క తప్పు చేసిన పిల్ల దిద్దుకున్నట్టు ఒక్కొక్కటే దిద్దడం మొదలుపెట్టింది, వచ్చిండును వచ్చాడు చేసింది, ఎట్లనేను ఎలాగే చేసింది, గంట అయ్యేసరికి పొలం గట్టు మీద మనవరాలిని తిడుతున్న ఆ ముసలమ్మ రేడియోలో వార్తలు చదువుతున్నట్టు మాట్లాడుతోంది. ఎర్ర గీత ఒక్కటీ మిగల్లేదు. కథ కూడా మిగల్లేదు.

గీత గీస్తున్నది ఎవరు అన్న కోపంతో వెతికితే తెలిసింది, కంపెనీ కాదు, ప్రభుత్వం కాదు, మామూలు మనుషులే, గుంటూరులో ఒకరు, బెంగళూరులో ఇద్దరు, ఇంకెక్కడో ఒకరు, జీతం లేకుండా తీరిక దొరికినప్పుడు కూర్చుని మాటల పట్టిక పెంచుతున్నవాళ్లు, చాలామంది ఒకరినొకరు చూడనైనా చూడలేదు. పట్టికకు పెద్దదిక్కు పుణెలో ఉద్యోగం చేసే ఆత్మారాం. మార్పులు ఎవరైనా పంపవచ్చు అని రాసి ఉంది. ఎవరైనా అంటే తను కూడా కదా. పంపింది. అందరూ ఇంగ్లీషులో రాసుకుంటుంటే తను కూడా చేతనైన ఇంగ్లీషులో రాసి మరీ పంపింది. ‘యాసలను చేర్చితే ప్రామాణికత దెబ్బతింటుంది’ అని జవాబు వచ్చింది. మళ్లీ పంపింది. మళ్లీ చింతించాడు.

పొద్దున బయల్దేరుతుంటే అవ్వ, కన్నతల్లి వెంకటవ్వ, బీడీల చాట ఒళ్లో పెట్టుకుని గడపలో కూర్చుని ఉంది, కత్తెర ఆకు మీద నుంచి కదలకుండానే అడిగింది, బోధన్‌లో ఎవరున్నారు నీకని. పని మీద ఒకాయనను కలవాలి, నా మాటలు వద్దంటున్నాడు, అని చెప్పింది గంగమణి. మాటలు వద్దనడం ఏమిటో వెంకటవ్వకు అర్థం కాలేదు, అప్పుచేసి తీసుకున్నవా ఏమన్నా అన్నట్టు చూసింది, తర్వాత ఆకు కత్తిరిస్తూనే అంది, ‘వద్దంటానికి నోరు గూడ ఆయన్నే చేసిచ్చిండా?’ అని. ఆ మాట తలుచుకుని గంగమణి బస్సులో నవ్వింది, పక్కన రేగుపండ్ల గంప ఒళ్లో పెట్టుకున్న ఆమె ఈ పిల్లకు ఏమయిందన్నట్టు చూసింది. అవ్వకు ఈ పని సంగతి చెప్పాలని చాలాసార్లు అనుకుంది గంగమణి. చెబితే అర్థమయ్యేదే. బీడీలు అప్పజెప్పే చోట కంపెనీ మనిషి ఒకడుండేవాడు, కట్టలు విప్పి చూసి, ఇది వంకర, ఇది వదులు అని పక్కకు పడేసేవాడు, పడేసినవాటిని ఆడవాళ్ల ముందే నలిపేసేవాడు. చిన్నప్పుడు అవ్వ కొంగు పట్టుకుని నిలబడి చూసింది ఆ నలపడం. వాడి చేతిలో ఎర్ర గీత లేదు, అంతే తేడా.

జానకంపేట రైల్వే గేటు పడి బస్సు ఆగింది, అందరూ కిటికీల్లోంచి తలలు బయటపెట్టి రాని రైలు కోసం చూస్తున్నారు, డ్రైవర్ దిగి బీడీ ముట్టించాడు. ఆ మాటల పట్టిక తాళం సంగతి కూడా విచిత్రమే. మొదట్లో అసలు పట్టిక ఒకే ఒక్కచోట ఉండేది, ఎక్కడో ఒక సర్వర్‌లో, దాని తాళంచెవి ఆత్మారాం దగ్గర, మిగతావాళ్లు గుమ్మం బయట నిలబడి లోపలికి అందించవలసిందే, తీసుకుంటే తీసుకున్నట్టు, లేకపోతే లేదు. ఆ తాళం తీసిందీ ఆయనే. పని సులువవుతుందని మొత్తం పట్టికను గిట్ అనే కొత్త పద్ధతిలోకి మార్చాడు. ఆ పేరు చదివి గంగమణి నవ్వుకుంది, గిట్ల అనబోతుంటే ఎవరో నోరు మూసినట్టుంది పేరు. వాడి చూశాక నవ్వు పోయి ఆశ్చర్యం పట్టుకుంది. ఇందులో అసలు ప్రతి, నకలు ప్రతి అని తేడా లేదు. తెచ్చుకున్న ప్రతివాళ్ల దగ్గరా అంతా ఉంటుంది, ఇవాళ్టి పట్టిక ఒక్కటే కాదు, మొదటి రోజు నుంచీ ఏ మాట ఎవరు చేర్చారు, ఎవరు తీసేశారు, తీసేస్తూ ఏమని రాశారు, ఆ చరిత్రంతా. నెట్ లేకపోయినా, రైల్వే గేటు దగ్గర ఇరుక్కుపోయినా, నీ మార్పు నీ ప్రతిలో నువ్వు రాసుకోవచ్చు, ఎవరినీ అడగక్కర్లేదు. నీ దారి వేరైతే వేరు కానీ, తర్వాత కలపాలనిపిస్తే కలపవచ్చు, కలిపేటప్పుడు ఎవరి పని వాళ్ల పేరు మీదే ఉంటుంది. ఆత్మారాం వద్దంటే ఆయన ప్రతిలోకి వద్దన్నట్టు. తన ప్రతి తన దగ్గరుంది. ఒక ఆదివారం ల్యాబ్ తెరిపించుకుని కూర్చుని వచ్చిండు చేర్చింది, పోయిండ్రు చేర్చింది, మాటల చివరలు ఎలా మారతాయో ఒక్కొక్క సూత్రం రాసుకుంటూ పోయింది, అందరికీ కనబడేలా నెట్‌లో పెట్టింది. ఎవరు చూస్తారులే అనుకుంది. శ్రీకాకుళం నుంచి ఒక బడిపంతులు చూశాడు. ‘మా మాటలకు కూడా చోటుంటుందా అమ్మా’ అని రాసి, వాళ్ల వైపు మాటలు చేర్చి పంపాడు. అనంతపురం నుంచి ఒకామె పంపింది. గంగమణి ప్రతి పెరిగింది. ఏడాది తిరిగేసరికి ఆత్మారాం చూసే పెద్ద ప్రతిలో మనుషులు తగ్గారు, ఈమె దాంట్లో సందడి ఎక్కువైంది, ఆ సంగతి ఆమెకు తెలుసు, ఆత్మారాంకూ తెలుసు.

రైలు వచ్చి పోయింది, గేటు లేచింది, బస్సు కదిలింది. పోయిన వారం మెయిల్ వచ్చింది. సర్కారు బడుల్లో పెట్టే కంప్యూటర్లలో ఈ ప్రోగ్రాం కూడా వేస్తారట, వేసేవాళ్లకు ఒక్క ప్రతి కావాలట, రెండు కుదరవట, ఇవాళ సాయంత్రంలోగా పెద్ద ప్రతిలో ఏముంటే అదే తీసుకుంటారట. ‘మా అమ్మగారి కంటి ఆపరేషన్ నిమిత్తం బోధన్‌లో ఉంటాను. అది మా స్వస్థలం. వీలైతే రండి, కూర్చుని మాట్లాడుకుందాం’ అని రాశాడు. బోధన్ స్వస్థలమట. ఆ వాక్యం దగ్గర గంగమణి చాలాసేపు ఆగిపోయింది. గుంటూరో, ఏలూరో అనుకుంది ఇన్నాళ్లూ. తమ మాటలు వద్దంటున్నది తమ మనిషే. కోపం రెట్టింపయింది, తర్వాత ఎందుకో సగమయింది.

ఎడపల్లి దాటాక బస్సు మళ్లీ ఆగింది, ఈసారి చెరుకు. ఫ్యాక్టరీకి పోయే ట్రాక్టర్లు, ఎడ్లబండ్లు రోడ్డు పొడుగునా బారుగా నిలబడ్డాయి, ఎదురుగా ఒక ట్రాలీ ఒరిగి గడలు రోడ్డు మీద పడ్డాయి, మగపిల్లలు దిగి గడలు విరుచుకుంటున్నారు. రేగుపండ్ల ఆమె గంప సర్దుకుంటూ, ‘సూడు బిడ్డ, కాలు జర లోపటికి తీస్కో, ఇగ ఇప్పట్ల కదల్దు’ అంది. సూడు. గంగమణి కాలు తీసుకుంది కానీ ఆ మాట మాత్రం గుచ్చుకున్నట్టయింది, పొద్దుటి నుంచీ దాని గురించి ఆలోచించకుండా తప్పించుకుంటోంది, ఇక తప్పించుకోవడానికి బస్సు కూడా కదలడం లేదు.

తిరుపతమ్మ డిగ్రీ అయ్యాక వర్నిలో ఇంటర్నెట్ సెంటర్‌లో పనికి కుదిరింది, మేడం పట్టికకు రోజూ ఏదో ఒకటి చేర్చి పంపేది, కాలువ నీళ్ల మాటలు, నాట్ల మాటలు, గంగమణి చూసి కలుపుకునేది. పోయిన నెల ఒక పెద్ద కట్ట పంపింది. సూసిండు, సెప్పిండు, సదివిండు, సేసిండు, ఎక్కడ చ ఉంటే అక్కడ స పెట్టి. గంగమణి కలుపుకోలేదు. వచ్చిండు వేరు, సూసిండు వేరు అని చెప్పింది, వచ్చిండు మన మాట, సూసిండు అనేది పల్లెల్లో నోరు తిరిగే తీరు, రాసేటప్పుడు చూసిండు అనే రాయాలి, ఎక్కడో ఒకచోట గీత గీయాలి కదా అని ఫోన్‌లో ఓపిగ్గా చెప్పింది. అంతా విన్నాక తిరుపతమ్మ, ‘మేడం, మా అవ్వ ఎన్నడు చూడలే. సూసింది’ అంది. అని పెట్టేసింది. మర్నాడు గంగమణి ప్రతి నుంచి తనొక ప్రతి తీసుకుని, ఆ మాటలన్నీ చేర్చి, వర్ని నుంచి నెట్‌లో పెట్టింది, మేడంను అడగలేదు. అప్పటి నుంచి మాటల్లేవు. మొదట గంగమణికి కడుపు మండింది, నేను నేర్పిన పిల్ల, నాకు ఎదురు అని. తర్వాత నవ్వు కూడా వచ్చింది, ఎవరినీ అడగక్కర్లేదని ఆ పిల్లకు నేర్పింది ఎవరు మరి. నిన్న సాయంత్రం ల్యాబ్‌లో ఎందుకో మనసొప్పక ఆ వర్ని ప్రతిని తన ల్యాప్‌టాప్‌లోకి తెచ్చుకుంది. తెచ్చుకుంది కానీ కలపలేదు. రెండూ పక్కపక్కన ఉన్నాయి ఇప్పుడు ఒళ్లో.

‘యాసలను చేర్చితే ప్రామాణికత.’ ‘ఎక్కడో ఒకచోట గీత గీయాలి కదా.’ రెండు మాటలూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే రెండోది తన గొంతే అయినా కొత్తగా వినిపించింది. అవ్వ ఏమంటుంది? చూడు అంటుందా, సూడు అంటుందా? గంగమణి కళ్లు మూసుకుని వినడానికి ప్రయత్నించింది. పుట్టినప్పటి నుంచీ వింటున్న గొంతు, కత్తెర కిచకిచ మధ్య, తునికాకు తడి వాసన మధ్య, నలుగురు ఆడవాళ్లు చాటలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే అందరికన్నా పైకి వినబడే గొంతు, అన్నం తిన్నవా బిడ్డ, సదువుకున్నవా, సదువుకున్నవా, అవును, చదువుకున్నవా కాదు, ఎప్పుడూ కాదు, గా దీపం ముంగట కూసొని సదువు, కండ్లు పోతయి సక్కగ కూసో. పొద్దున ఏమంది? నోరు గూడ ఆయన్నే సేసిచ్చిండా. సేసిచ్చిండా. చేసిచ్చిండా అని కదా తను ఇంతసేపూ తలుచుకుని నవ్వుకుంటున్నది. గడపలో వచ్చిన మాట బస్సెక్కేలోగానే తను దిద్దేసింది, తెలియకుండానే, బడిలో చేరిన నాటి నుంచీ రోజూ అవ్వ మాటను చెవిలోనే దిద్దుకుంటూ వచ్చింది, ఆ దిద్దిన మాటనే మా అవ్వ మాట అని ఆత్మారాంకు పంపింది. ఒళ్లంతా వేడెక్కింది. సిగ్గు అనుకుంది మొదట, కాదు, ఇంకేదో, పని ఇంకా మిగిలి ఉందని తెలిసినప్పటి వేడి. ఇప్పటికైనా మించిపోయింది ఏమీ లేదు. ముందర చెరుకు ట్రాలీ అడ్డం ఉంది, ఒళ్లో ల్యాప్‌టాప్ ఉంది, బోధన్ ఇంకా రాలేదు.

సంచీ విప్పి ల్యాప్‌టాప్ తెరిచింది. హైదరాబాద్‌లో ఎవరో వాడి అమ్మేసినది, బ్యాటరీ ఎంతసేపు ఉంటుందో దానికే తెలియదు. రేగుపండ్ల ఆమె గంప పక్కకు జరుపుకుని చోటిచ్చింది. వర్ని ప్రతిని తన ప్రతిలో కలపమని గిట్‌కు చెప్పింది గంగమణి. అది దాదాపు అన్నీ కలిపేసి ఒక్కచోట ఆగింది. అక్కడ ఇద్దరూ ఒకే వరుసలో చెయ్యి పెట్టారు, తను చూసిండు పక్కన చూసిండ్రు చేర్చిన చోటే తిరుపతమ్మ సూసిండు చేర్చింది, ఏది ఉంచాలో నాకు తెలియదు, నువ్వే చెప్పు అన్నట్టు పైన ఒక గుర్తు, కింద ఒక గుర్తు, మధ్యలో అడ్డగీత, పైన మేడం, కింద విద్యార్థి. ఇదొక్కటి యంత్రం చేయదు, మనిషే చేయాలి. గంగమణి గుర్తులు తీసేసింది, అడ్డగీత తీసేసింది, మాటలు ఒక్కటీ తీయలేదు. చూసిండు, చూసిండ్రు, సూసిండు, ఒకదాని కింద ఒకటి. కలిపినప్పుడు ఏం చేశావో ఒక వాక్యం రాయాలి, రోజూ ఇంగ్లీషులో రాసేది, ఇవాళ వేళ్లు ఆగలేదు, ‘తిరుపతమ్మ మాటలు కలిపిన’ అని రాసి మీట నొక్కింది. నమోదయింది. బ్యాటరీ గుర్తు ఎర్రబడింది, తెర నల్లబడింది, ముందర ఎవరో ట్రాలీని పక్కకు నెట్టారు, డ్రైవర్ హారన్ కొట్టాడు. కరిగిన బెల్లం లాంటి బరువైన వాసన మొదలైంది, ఫ్యాక్టరీ వాసన, బోధన్ వచ్చేసింది.

ఆత్మారాం గంగమణి ఊహించుకున్నంత పెద్ద మనిషి కాదు, నలభై దాటి ఉంటాడు, లుంగీ మీద ఇస్త్రీ చొక్కా వేసుకుని తలుపు తీశాడు, ఎండలో వచ్చారు అని నొచ్చుకున్నాడు, ల్యాప్‌టాప్‌కి కరెంటు తీగ తనే పెట్టాడు. అది వాళ్ల చెల్లెలి ఇల్లు. లోపలి గదిలో నల్లకళ్లద్దాలు పెట్టుకుని మంచం మీద కూర్చున్న పెద్దావిడ వాళ్లమ్మ తారాబాయి. పోట్లాటకు సిద్ధమై వచ్చిన గంగమణికి ముందు మంచినీళ్లు, తర్వాత ఒక ఒప్పందం దొరికాయి. ఆమె మాటలు ఒక్కటి కూడా వదలనన్నాడు ఆత్మారాం. అన్నీ వేరే ఫైలులో పెడదాం, ప్రాంతీయ యాసలు అని పేరు పెడదాం, కావలసినవాళ్లు టిక్కు పెట్టుకుంటే అవి పనిచేస్తాయి అన్నాడు. మంచిగానే చెప్పాడు, చాలా ఆలోచించి చెప్పాడు, పెళ్లికి పిలిచి వేరే పంక్తిలో కూర్చోబెట్టినట్టు ఉందని ఆయనకు తోచలేదు.

‘టిక్కు ఎవలు పెడ్తరు సార్?’ అంది గంగమణి. ‘బడిల పిల్లగాడు కంప్యూటర్ తెరుస్తడు. వానికి టిక్కు సంగతి ఎట్ల తెలుస్తది? మొదలు ఎర్ర గీతనే కానొస్తది.’

‘అన్నీ ఒప్పే అయితే తప్పులు పట్టే ప్రోగ్రాం ఎందుకండీ?’

‘తప్పు పట్టాలె. వచ్చిండుల సున్న మరిచిపోయి వచ్చిడు అని రాస్తె నా ప్రతి గా తప్పు పడ్తది. మీది వచ్చిండును గూడ పడ్తది.’

లోపలి నుంచి తారాబాయి కేకేసింది, ‘ఆత్మారాం, గా పిల్లకు సాయ పెట్టియ్యి. ఎండల వడి అచ్చింది, సూడు.’ ఆయన లేవబోయాడు. గంగమణి ఆపింది. ఇప్పుడు మీ అవ్వ అన్న మాట ఒక్కసారి రాయమంది, నా దాంట్లో వద్దు, మీ దాంట్లోనే. ఆయన వింతగా చూసి, తన ల్యాప్‌టాప్ ముందుకు లాక్కుని రాశాడు. ఎండలో పడి వచ్చింది, చూడు. తెర శుభ్రంగా ఉంది, గీత ఒక్కటీ లేదు. గంట కిందట బస్సులో గంగమణి కూడా అంతే చేసింది.

‘నా మాట రాస్తున్నవా రా?’ అంది తారాబాయి. ‘సదువు, నేను ఇంట.’

ఆయన చదివాడు. తారాబాయి విని, ‘గా మాట నాది కాదు బిడ్డ. ఎవలదో’ అంది, తప్పుపట్టినట్టు కాదు, పొరపాటున పక్కింటి గిన్నె వచ్చిందని చెప్పినట్టు అంది.

ఆత్మారాం కుర్చీలో వెనక్కి ఆనుకున్నాడు. గంగమణితోనో గోడతోనో తెలియకుండా, హైదరాబాద్‌లో హాస్టల్లో చేరిన కొత్తలో తను నోరు విప్పితే గదిలో వాళ్లంతా ఎలా అనుకరించేవాళ్లో చెప్పాడు, వస్తున్న, సూస్తున్న అని తన మాటలే తన మంచం చుట్టూ తిరిగేవట, సంవత్సరం తిరిగేలోగా అన్నీ మార్చేసుకున్నాడట, ఎంత బాగా మార్చుకున్నాడంటే ఇప్పుడు కావాలన్నా నోరు తిరగదట. ‘అమ్మతో కూడా’ అన్నాడు. అది చెప్పేటప్పుడు ఆయన ముఖంలో బాధ కన్నా ఎక్కువగా అలసట కనిపించింది. ఎవరూ నవ్వకుండా ఉండాలనే ఇంత గట్టి పట్టిక కట్టానేమో అన్నాడు. గంగమణికి ఆయన మీద మిగిలి ఉన్న కోపం ఎటు పోయిందో తెలియలేదు, గెలిచానన్న సంతోషం కూడా రాలేదు, పని తొందర ఒక్కటే వచ్చింది. మధ్యాహ్నం దాటుతోంది, కరెంటు ఎప్పుడు పోతుందో, నెట్ ఎప్పుడు ఆగుతుందో. కలుపుదాం సార్ అంది.

కలిపారు. రెండు ల్యాప్‌టాప్‌లను కలిపిన తీగ మీద ఆమె ప్రతి ఆయన ప్రతిలోకి వచ్చింది, చాలాచోట్ల రెండూ వాటంతట అవే కలిశాయి, కలవని చోట్ల ఇద్దరూ ఒక తెర ముందు తలలు పెట్టి చూశారు, ఒకచోట ఆయన మాట నిలిచింది, ఒకచోట ఆమె మాట నిలిచింది, శ్రీకాకుళం పంతులు పంపిన ఒక మాటకు అర్థం ఇద్దరికీ తెలియక అలాగే ఉంచారు, పంతులుకు తెలుసు కదా అని. తారాబాయి మధ్యలో రెండుసార్లు సాయ గుర్తుచేసింది. ఆత్మారాం చరిత్ర కిందికి జరుపుతూ ఒకచోట ఆగాడు. సకారం మాటలన్నీ చేర్చిన ఈ తిరుపతమ్మ ఎవరండీ అని అడిగాడు.

‘మా స్టూడెంట్’ అంది గంగమణి. ‘నా మాట ఇనలే.’

అంటుంటే గొంతులో గర్వం వినబడింది, దాచుకోలేదు. ఆయన మొదటిసారి నవ్వాడు. డేటా కార్డు దీపం మిణుకుమిణుకుమంటూ ఆగి, మళ్లీ మిణుకుమని, మొత్తం పట్టిక పెద్ద ప్రతిలోకి ఎక్కింది, ఆయన బడుల వాళ్లకు ఫోన్ చేసి తీసుకోవచ్చని చెప్పాడు. తర్వాత వంటింట్లోకి పోయి సాయ పెట్టుకొచ్చాడు, చక్కెర మరీ ఎక్కువ వేశాడు, ముగ్గురూ తాగారు.

బోధన్ బస్టాండులో నిజామాబాద్ బస్సు ఇంజను ఆన్ చేసి ఉంది, గంగమణి ఎక్కకుండా మెట్టు పక్కన నిలబడి తిరుపతమ్మకు ఫోన్ చేసింది, నెల రోజుల తర్వాత. ఎత్తుతుందా అనుకుంది. ఎత్తింది. వెనక ఏదో మరుగుతున్న చప్పుడు, గరిటె చప్పుడు, ఇంటికి వచ్చేసినట్టుంది. గంగమణి సంజాయిషీ ఏమీ చెప్పలేదు, ఎలా మొదలుపెట్టాలో కూడా ఆలోచించలేదు.

‘పెద్ద ప్రతిల పోయింది తిరుపతమ్మ. సూసిండు, సెప్పిండు, అన్ని. నీ పేరు మీదనే పోయినయి. బడులల్ల గదే పెడ్తరు.’

అవతల గరిటె ఆగింది. ఇటు కండక్టర్ రైట్ రైట్ అంటున్నాడు.

‘మేడం’ అంది తిరుపతమ్మ. ‘ఒగటి మరిచిపోయిన. పప్పుల ఏద్దామని డబ్బ తీస్తె ఇప్పుడే యాదికొచ్చింది. సింతపండు రాయలే.’

‘రాసి పంపు’ అంది గంగమణి, బస్సెక్కింది.